మన పంటకి బీమా బొమ్మనహళ్ళిలో ఉంది



మన పత్రికలో ఎక్కువగా తెగుళ్ళు, మందులు, మార్కెట్ ధరలు వస్తాయి. అవి చదివే నేనూ చాలా నేర్చుకున్నా. ఈసారి పురుగు గురించి కాకుండా పురుగు మేపే ఇంటి గురించి రాస్తా ఉన్నా. కొంచెం పొడుగైతే ఓర్చుకోండి. తోట కత్తిరించి వచ్చినా, ఆకు ఎదిగేదాకా చేతికి తీరిక. బొమ్మనహళ్ళిలో మా చెల్లెలి ఇంట్లో కూర్చోని రాస్తా ఉన్నా.

ట్రైనింగులకి పోయినప్పుడు ఆఫీసర్లు ఒక మాట తప్పకుండా చెప్తారు. "వేరుశెనగ వేసినోడికి ఏడాదికి ఒకసారి డబ్బు, మీకు నెలనెలా జీతం మాదిరి డబ్బు" అని. ఆ మాట సగం నిజం. చాకీ పురుగులు తెచ్చుకుంటే ఇరవై రోజుల్లో గూడు కట్టేస్తుంది, మార్కెట్టుకి పోతే డబ్బు వస్తుంది. తక్కిన సగం ఎవరూ చెప్పరు. ఏ జీతమైనా ఒక నెల 55 వేలు, ఇంకో నెల 30 వేలు ఉంటుందా? అదే పని, అదే ఆకు, అదే రాత్రి నిద్ర లేకపోవడం. ఒక్క మన జీతమే అట్ల ఉంటుంది.

మా ఇంటి లెక్క చెప్తా, మీ ఇంటి లెక్క పక్కన పెట్టి చూసుకోండి. ఒక పంటకి 150 గుడ్ల చాకీ తెస్తాం. చాకీకి 6,500. ఆకు కోతకి, పండిన పురుగులు చంద్రికల మీదికి ఎక్కించడానికి, గూళ్ళు విడిపించడానికి కూలి 9,000. ఎరువు ఆ పంట వంతుకి 5,500. బ్లీచింగ్, సున్నం, పౌడర్లు 2,500. చంద్రికల బాడుగ 2,000. మార్కెట్టుకి బండి బాడుగ 1,500. మొత్తం 27,000. మా ఆయన పని, నా పని, సెలవు రోజు పిల్లలు చేసిన పని ఇందులో లేవు. బోరు రిపేరు కూడా లేదు, అది లెక్కలో వేస్తే ఏడుపే. బాగా వస్తే 100 కిలోల గూడు. కిలో 550 పలికితే ఖర్చు పోను 28,000 మిగుల్తుంది. 300 పలికితే 3,000. ఇంటిల్లిపాదీ ఇరవై రోజులు చేసిన పనికి 3,000. నాలుగో జ్వరం లేచినాక పాల తెగులు తగిలిందంటే ఆ 3,000 కూడా లేదు, చేతి నించి 27,000 పోతుంది.

ఏడాదికి ఆరు పంటలు తీస్తే అందులో నాలుగు బాగుంటాయి అనుకోండి. సరాసరి చూస్తే మేము బీదోళ్ళం కాదు. సర్వేకి వచ్చినోళ్ళు సరాసరే రాసుకోని పోతారు. కానీ మనిషి సరాసరిలో బతకడు. వరసగా రెండు పంటలు పడినాయంటే ఆ రెండు నెలలు కంతు కట్టాల, బడి ఫీజు కట్టాల, మళ్ళీ చాకీకి అడ్వాన్సు ఇయ్యాల. సంఘం అప్పు వారం వారం అడుగుతుంది, మనకి డబ్బు నెలకొకసారి, అదీ పురుగు దయ. ఆ సందులోకే నూటికి మూడు రూపాయల వడ్డీ వస్తుంది. తర్వాత నాలుగు మంచి పంటలు తీసినా ఆ వడ్డీకే సరిపోతాయి. రేష్మ ఇంటికి బీదరికం ఈ సందులో నించే వస్తుంది. ప్రభుత్వం ఇచ్చే సాయం కూడా ఈ సందు పూడ్చేటట్టు ఉండాల అనేది నా మాట.

2011 గుర్తుందా? నలభై దాటినోళ్ళకి మరిచిపోయేది కాదు. ఆ ఏడు ఫిబ్రవరి బడ్జెట్లో ముడి పట్టు మీద దిగుమతి సుంకం 30 శాతం నించి 5 శాతానికి దించినారు. చైనా పట్టు చవకగా దిగింది. మార్కెట్టులో గూడు ధర కళ్ళ ముందర జారిపోయింది. రామనగరంలో, శిడ్లఘట్టలో రైతులు రోడ్డెక్కినారు. మల్బరీ పీకేసి టమేటా పెట్టినోళ్ళు ఎంతమందో మా చింతామణి పక్కన. 2013 బడ్జెట్లో సుంకం మళ్ళీ 15 శాతానికి పెంచినారు, సరే. ఆ రెండేళ్ళలో మునిగిన ఇళ్ళకి ఎవరు ఏమిచ్చినారు? ఢిల్లీలో ఒక అంకె మారినందుకు మా పల్లెలో తోట పోయింది. మేము పంట చెడగొట్టుకోలేదు, ఆకు ఎండగొట్టుకోలేదు. అయినా నష్టం అంతా మా నెత్తిన వేసి వాళ్ళు తర్వాతి బడ్జెట్టుకి పోయినారు.

ఆ తర్వాతనే మా ఇంట్లో నించి నేను బొమ్మనహళ్ళికి వచ్చింది. 2013లో. మా పుట్టిల్లు మదనపల్లె పక్కన, పదో తరగతి దాకా తెలుగులో చదివినా, కన్నడం పెళ్ళైనాక వచ్చింది. గార్మెంట్స్ వాళ్ళకి నా చదువుతో పని లేదు, చేతులతో పని. మిషన్ నేర్చుకోని ఐదేళ్ళు కాలర్లు కుట్టినా. హోసూరు రోడ్డులో పొద్దున ఎనిమిదిన్నరకి గుంపులు గుంపులుగా నడిచిపోయే ఆడోళ్ళని చూసి ఉంటారు. వాళ్ళలో మన మల్బరీ ఊర్ల నించి వచ్చినోళ్ళు ఎంతమందో ఎవరూ లెక్క తీయలేదు. నా లైన్లో నాతోపాటు పన్నెండు మంది తెలుగోళ్ళు. బాగేపల్లి, శ్రీనివాసపురం, మడకశిర, పలమనేరు. ఏడుగురి ఇంట్లో రేష్మ షెడ్డు ఉన్నింది. మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడు మాటలన్నీ "మీకాడ గూడు ఎంత పోతా ఉంది" అనే. మేమంతా ఒకే పంటలో మునిగి ఒకే రోడ్డు మీద తేలినాం.

ఇక్కడ ఒక సంగతి కొత్తోళ్ళకి చెప్పాల. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ రూలు మార్చింది. పని మానేసినా యజమాని వేసిన వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదు అన్నారు. ఆ మాట మెల్లగా ఫ్యాక్టరీల్లో పాకింది. ఏప్రిల్ 18, సోమవారం, బొమ్మనహళ్ళిలో ఆడోళ్ళు మిషన్లు వదిలేసి హోసూరు రోడ్డు మీద కూర్చున్నారు. ఏ యూనియనూ పిలవలేదు, ఏ నాయకుడూ ముందర లేడు. రెండో రోజుకి వేలకొద్దీ జనం, జాలహళ్ళి దాకా, హెబ్బగోడి దాకా. రాళ్ళు పడినాయి, బస్సులు కాలినాయి, లాఠీలు, టియర్ గ్యాస్ అన్నీ అయినాయి. అది మంచిదని నేను చెప్పను. కానీ 19 సాయంత్రానికి కార్మిక మంత్రి బండారు దత్తాత్రేయగారు ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంటా ఉన్నామని చెప్పాల్సి వచ్చింది. టీవీల్లో పెద్దోళ్ళు ఆశ్చర్యపోయినారు. ఇంత చిన్న మొత్తానికి ఇంత కోపం ఏమిటి, ముసలితనానికే కదా దాచమన్నారు అని.

వాళ్ళకి తెలియంది ఏమంటే ఆ దుడ్డు ముసలితనానికి కాదు. అది ఊర్లో బోరుకి, తమ్ముడి చదువుకి, నూటికి మూడు వడ్డీ తీర్చేదానికి. నేను 2018లో పని మానేసినప్పుడు నా పీఎఫ్ 78 వేలు వచ్చింది. దానితో మా రేరింగ్ షెడ్డు గోడలు లేచినాయి. మా చెల్లెలు ఇప్పటికీ ఇక్కడే కుడతా ఉంది. దాని పీఎఫ్ మీద మా అమ్మ ఇంటి ఆశ ఉంది. అందుకే ఈ వ్యాసానికి ఆ పేరు పెట్టినా. మనం పంటకి బీమా లేదు అంటాం. ఉంది. బొమ్మనహళ్ళిలో ఒక ఆడపిల్ల ఆరు వేల ఐదొందలు బాడుగ ఇచ్చి ఒకే గదిలో నలుగురితో ఉంటా కుడుతున్నంత కాలం ఉంది.

గార్మెంట్స్ పని గొప్పది అని చెప్పడంలేదు. ఆ జీతం ఎంతో, ఆ సూపర్వైజర్ నోరు ఎట్లాంటిదో నాకు తెలుసు. కానీ అక్కడ నాకు జ్వరం వస్తే ఈఎస్ఐ ఉన్నింది. నా వాటాకి తోడు యజమాని కూడా వాటా వేయాలని 1952 నించి చట్టం ఉంది. షర్టు ధర అమెరికాలో తగ్గిందని నా జీతం సగం చేయలేదు. అదే నేను షెడ్డులోకి వచ్చినాక ఇవేమీ లేవు. షర్టు కుట్టే ఆడమనిషికి ఉన్న ఆసరా, పట్టు పుట్టించే ఆడమనిషికి ఎందుకు లేదు?

పోయిన ఏడు ఆగస్టు అంటే 2025లో, ఇక్కడ పసుపు లైన్ మెట్రో మొదలైంది. బొమ్మనహళ్ళిలో ఎక్కితే తర్వాతి స్టేషనే సెంట్రల్ సిల్క్ బోర్డు. బెంగుళూరోళ్ళకి సిల్క్ బోర్డు అంటే ట్రాఫిక్ జామ్. అది 1948 చట్టంతో పెట్టిన సంస్థ అనీ, మన పంట కోసం ఉందనీ చెప్తే ఆ మెట్రోలో నవ్వేవాళ్ళే ఎక్కువ. నేనొకసారి పక్క సీటు అమ్మాయికి చెప్పినా. "నిజంగా సిల్క్ ఉందా అక్కడ?" అనింది.

ఇంక అసలు విషయం. ధర.

కేంద్రం ఏటా 22 పంటలకి మద్దతు ధర చెప్తుంది. వరికి ఉంది, పత్తికి ఉంది, జనపనారకి ఉంది, ఎండుకొబ్బరికి ఉంది. పట్టుగూడుకి లేదు. ఎందుకంటే ప్రభుత్వం కొనిపెట్టుకునే సరుకు కాదు, గూడు నిలవ ఉండదు, లోపల పురుగు చిట్లి బయటికి వస్తుంది. ఆ కారణం నేను ఒప్పుకుంటా. కానీ కొనకుండానే ఆదుకునే దారి ఒకటి ఉంది, అది మన పక్క రాష్ట్రంలోనే నడుస్తా ఉంది. కేరళలో రబ్బరుకి కూడా మద్దతు ధర లేదు. అక్కడా దిగుమతుల దెబ్బే. 2015లో అక్కడి ప్రభుత్వం కిలో రబ్బరుకి 150 రూపాయలు అని ఒక గీత గీసింది. మార్కెట్టులో 120 పలికితే తక్కువైన 30 చిన్న రైతు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. రైతు అమ్మిన బిల్లు చూపిస్తే చాలు. ఆ గీతని 2024లో 180కి పెంచినారు. ధర గీత పైన ఉన్న రోజు ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

మనకి ఇది కేరళ కంటే సులువు. ఎందుకో చెప్తా. కర్ణాటకలో గూడు బయట అమ్మకూడదు, ప్రభుత్వ మార్కెట్టులోనే అమ్మాల అని 1959 నించి చట్టం. మనం ఆ చట్టాన్ని తిట్టుకుంటాం, దూరాలు పోవాల అని. కానీ దాని వల్ల ఏమైంది? ఏ రోజు, ఏ రైతు, ఎన్ని కిలోలు, ఏ రీలర్‌కి, ఎంతకి అమ్మినాడు అనేది అంతా సర్కారు పుస్తకంలోనే ఉంది. ఇప్పుడు తూకం కంప్యూటర్లో, వేలం మొబైల్లో, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకి. వరి రైతు ఎవరికి ఎంతకి అమ్మినాడో ప్రభుత్వానికి తెలియదు. మనది గ్రాములతో సహా తెలుసు. రామనగరం మార్కెట్టు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ కంప్యూటర్లోనే సగం పథకం ఉంది. ఒక కనీస ధర అనుకోని, దానికి ఎంత తగ్గితే అంత ఆ వారంలోనే అదే ఖాతాకి పంపడానికి కొత్త ఆఫీసు అక్కర్లేదు, కొత్త కార్డు అక్కర్లేదు.

ఆంధ్రా వైపు వాళ్ళు అంటారు, మాకు బైవోల్టిన్ గూడుకి కిలోకి 50 రూపాయల ప్రోత్సాహకం ఉంది కదా అని. ఉంది, మంచిదే. కానీ ధర 700 పలికిన రోజూ అదే 50, 300 పలికిన రోజూ అదే 50. మునిగేవాడికీ ఒడ్డున ఉన్నవాడికీ ఒకే తాడు. పైగా ఆ బకాయిలు పేరుకుపోయినాయని హిందూపురం, మడకశిర వార్తలు ఎన్నిసార్లు చదవలేదు మనం? పంట పోయిన నెలలో రాని సాయం రెండేళ్ళ తర్వాత వస్తే అది వడ్డీ వ్యాపారికి పోతుంది, ఇంటికి రాదు.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాచిపెట్టను. 2017లో మధ్యప్రదేశ్‌లో భావాంతర్ అని ఇట్లాంటిదే పెట్టినారు, సోయాబీన్, మినుము లాంటి పంటలకి. ప్రభుత్వం ఎట్లా ఇస్తుంది కదా అని వ్యాపారులు కూడబలుక్కోని ధర ఇంకా దించినారని ఆరోపణలు వచ్చినాయి. మన దగ్గర కూడా రీలర్లు అట్ల చేయరా అని మీరు అడగొచ్చు. చేయొచ్చు. అందుకే ఒక్కొక్క రైతు ధర కాకుండా ఆ రోజు రాష్ట్రంలోని మార్కెట్లన్నిటి సరాసరి ధర చూసి తేడా కట్టాల. అప్పుడు మంచి గూడు తెచ్చినోడికి ఎక్కువ ధర వస్తే అది వాడికే మిగుల్తుంది, జిల్లి గూడు తెచ్చినోడికి ప్రభుత్వం పూడ్చదు. ఇంకో మాట, రీలర్ మన శత్రువు కాదు. శిడ్లఘట్టలో ఒక చిన్న రీలర్ ఇంటికి పోయి చూడండి. వేడినీళ్ళలో చేతులు పెట్టి పెట్టి ఆ ఆడోళ్ళ వేళ్ళు తెల్లగా నానిపోయి ఉంటాయి. చైనా దారం దిగిన రోజు వాళ్ళ చరకా మనకంటే ముందర ఆగిపోతుంది.

జపాన్ సంగతి కూడా చెప్పాల. మనం ఈరోజు చేసే బైవోల్టిన్ పద్ధతిలో చాలా భాగం 1991 నించి జపాన్ వాళ్ళ సహకారంతో మైసూరు పరిశోధన సంస్థలో నేర్చుకున్నదే. షెడ్డు వేరేగా కట్టడం, శుద్ధి చేయడం, రెమ్మలతో మేపడం, అంతా. ఆ జపాన్‌లో 1951లోనే గూళ్ళ ధర, దారం ధర నిలకడగా ఉంచడానికి ఒక చట్టం చేసినారు. చాలా ఏళ్ళు నడిచింది. మనవాళ్ళు పురుగు మేపే విద్య తెచ్చినారు, రైతుని కాపాడే చట్టం అక్కడే వదిలిపెట్టి వచ్చినారు.

డబ్బు ఎక్కడ నించి అంటారు. 2021 బడ్జెట్లో ముడి పట్టు దిగుమతి సుంకం 10 నించి 15 శాతానికి పెంచినారు. మన ధర దించే సరుకు మీద వచ్చే ఆ సుంకం కేంద్రం ఖజానాలో కలిసిపోతుంది. అందులో ఒక భాగం గూటి ధర నిధిగా పక్కన పెట్టండి అని అడగడంలో తప్పేముంది? దెబ్బ ఎక్కడ నించి వస్తా ఉందో మందు కూడా అక్కడ నించే రావాల.

ఇప్పుడు రెండో సంగతి, ఇది రాస్తే మా ఇంట్లో కొంచెం గొడవ కావచ్చు. సాయం ఎవరి పేరున వస్తుంది?

పీఎం కిసాన్ ఏడాదికి 6,000. 2019లో మొదలైంది, ఇప్పటికీ అదే 6,000. అప్పుడు మా ఊర్లో ఆడమనిషి కూలి 250, ఇప్పుడు 400. సరే, ఆ 6,000 పహణీలో పేరు ఉన్నోళ్ళకి. మా భూమి మామయ్య పేరున ఉంది, ఆయనకి వస్తుంది. గృహలక్ష్మి 2023 ఆగస్టు నించి నెలకి 2,000. అది రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆడమనిషికి. అత్తమ్మకి వస్తుంది. ఇద్దరూ మంచోళ్ళు, అడిగితే ఇస్తారు. కానీ అడగాల కదా! రాత్రి పదకొండుకి, మళ్ళీ తెల్లారి నాలుగున్నరకి లేచి ఆకు వేసే మనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఉపాధి హామీలో మల్బరీ నాటే కూలి రాసుకునే వీలు పెట్టినారు. షెడ్డులో తట్టలు కడిగే కూలి, పురుగు పడక తీసే కూలి ఎవరూ రాయరు. అది ఇంటి పని అంట.

మా ఇంటి సంగతి చిన్నది. మా పక్క తోట ఆయనది చూడండి. ఎకరా పది గుంటలు గుత్తకి చేస్తాడు, పదకొండేళ్ళుగా. కర్ణాటకలో 1974 నించి వ్యవసాయ భూమి గుత్తకి ఇయ్యడమే చట్టం ఒప్పదు, సైనికుల్లాంటి ఒకరిద్దరికి తప్ప. దున్నేవాడికి భూమి ఇప్పించడానికి చేసిన మంచి చట్టం అది. కానీ గుత్త ఆగలేదు, కాగితం మాత్రం ఆగిపోయింది. నోటి మాట మీద చేస్తాడు కాబట్టి ఆయనకి కిసాన్ డబ్బు లేదు, బ్యాంకు అప్పు లేదు, షెడ్డు సబ్సిడీ లేదు. బెంగుళూరులో ఉన్న భూమి యజమానికి అన్నీ ఉన్నాయి. ఆంధ్రాలో 2019లో కౌలు రైతులకి కార్డు ఇచ్చే చట్టం తెచ్చినారు, కానీ దానికి భూమి యజమాని ఒప్పుకోవాల, భయపడి చాలామంది సంతకం పెట్టరు. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టినప్పుడు ఎకరానికి పంటకి 4,000 ఇచ్చినారు. ఎక్కువ భూమి ఉన్నోడికి ఎక్కువ, కౌలుదారుకి సున్న. 2025 జనవరిలో అక్కడే భూమి లేని కూలోళ్ళకి ఏడాదికి 12,000 అని ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలుపెట్టినారు. భూమి లేనోడికీ ఆకలి ఉంటుందని ఒప్పుకున్నట్టు కనపడింది నాకు.

మన పంటలో ఈ చిక్కుకి విరుగుడు మన చేతిలోనే ఉంది. పహణీ అడగొద్దు, చాకీ బిల్లు అడగండి, మార్కెట్టు బిల్లు అడగండి. ఎవరు పురుగు తెచ్చినారో, ఎవరు గూడు అమ్మినారో అవే చెప్తాయి. బిల్లులో ఇద్దరి పేర్లు రాయండి, మొగుడిదీ పెళ్ళాందీ. ఈ ఒక్క గీత మార్చితే సగం మంది కనపడని రేష్మ రైతులు కనపడతారు.

పింఛను గురించి ఒక్క మాట. మా అమ్మ మదనపల్లె పక్కన ఉంది, ఆమెకి నెలకి 4,000 ఇంటికి తెచ్చిస్తారు, 2024 జులై నించి. మా మామయ్యకి ఇక్కడ సంధ్యా సురక్షలో 1,200. మధ్యలో ఉన్నది ఒక వాగు. ఇద్దరూ ఒకే భాష, ఒకే రాగి ముద్ద, ఒకే మోకాళ్ళ నొప్పి. కేంద్రం తన పథకంలో అరవై దాటినోళ్ళకి ఇచ్చే వంతు ఎన్నో ఏళ్ళుగా 200 దగ్గరే నిలిచిపోయింది. అమ్మకి 4,000 వచ్చినప్పటి నించి మందులకి మా చెల్లెల్ని అడగడం మానేసింది. అంటే ముసలోళ్ళ పింఛను ముసలోళ్ళకే కాదు, బొమ్మనహళ్ళిలో కుట్టే పిల్లకి కూడా వచ్చినట్టే.

పంటల బీమా సంగతి తొందరగా ముగిస్తా. ఫసల్ బీమా 2016లో వచ్చింది. మన పురుగు దాని లెక్కలో పంట కాదు. తోటలో ఆకు పోతే అడగొచ్చేమో గానీ ఆకు తిన్న పురుగు పోతే అడగకూడదు. చాకీ కేంద్రంలోనే గుడ్ల లెక్కన కొంచెం ప్రీమియం తీసుకోని అక్కడే బీమా కట్టేస్తే బాగుంటుంది అని నా ఆలోచన. తెలిసినోళ్ళు దీని మీద ఇంకా బాగా రాయండి.

ఇంక "ఉచితాలు" అనే మాట. మన గ్రూపులోనే ఇద్దరు ముగ్గురు అన్నలు రాస్తా ఉంటారు, ఊరికే డబ్బు ఇస్తే జనం సోమరులు అవుతారు, కూలోళ్ళు దొరకరు అని. కూలోళ్ళు దొరకనిది గృహలక్ష్మి వల్ల కాదన్నా, బొమ్మనహళ్ళి వల్ల. మన కూలి కంటే అక్కడ నమ్మకమైన జీతం ఉంది కాబట్టి. సోమరితనం గురించి అయితే, 2011, 12లో ఇండోర్ పక్కన పల్లెల్లో సేవా అనే ఆడోళ్ళ సంఘం, యూనిసెఫ్ కలిసి ఒక పరీక్ష చేసినాయి. పెద్దోళ్ళకి తలా నెలకి 200, తర్వాత 300, పిల్లలకి అందులో సగం, ఏ షరతూ లేకుండా ఇచ్చినారు. తాగి పడుకుంటారు అనుకున్నారు చాలామంది. జనం అప్పులు తగ్గించుకున్నారు, విత్తనాలు కొన్నారు, మేకలు కొన్నారు, పిల్లల తిండి మెరుగైంది. పని చేయడం మానలేదు, సొంత సేద్యం పెంచుకున్నారు. నాకు ఇందులో వింత ఏమీ లేదు. 78 వేలు ఒకేసారి చేతికొస్తే మేము కూడా గోడలే కట్టినాం కదా, సినిమాకి పోలేదు. (ఒక్కటి చూసినాం, అది లెక్కలో లేదు.)

నాకు ఉచితాలు ఇష్టమా అంటే, ఎన్నికల ముందర వచ్చి తర్వాత మూడు నెలలు ఆగిపోయేవి ఇష్టం లేదు. ఎప్పుడు వస్తుందో తెలియని 2,000 కంటే తప్పకుండా వచ్చే 1,000 మేలు. చాకీకి అడ్వాన్సు ఇయ్యాలంటే తేదీ తెలియాల. జీతం తీసుకునే ఆఫీసర్లకి ఇది వేరే చెప్పాల్సిన పని లేదు, ఒకటో తేదీ జీతం ఐదో తేదీకి వస్తే వాళ్ళ ఇళ్ళల్లో ఏమవుతుందో వాళ్ళకే తెలుసు.

బెంగుళూరు వాడిన నీళ్ళు శుద్ధి చేసి 2018 నించి కోలారు చెరువులకి పంపుతా ఉన్నారు. ఆ నీళ్ళ మీద మనకి అనుమానాలున్నా, చెరువు నిండితే బోర్లలో నీళ్ళు లేచినాయని సంతోషపడినోళ్ళు ఉన్నారు. అంత దూరం నీళ్ళు ఎక్కించే పైపులు వేయగలిగినప్పుడు, మార్కెట్టు కంప్యూటర్ నించి రైతు ఖాతాకి ఒక చిన్న పైపు వేయడం కష్టమైన పని కాదు.

మీతో ఒక పని ఉంది. ఈ జనవరి నించి మీరు అమ్మిన ప్రతి లాటు బిల్లు ఫోటో తీసి పెట్టుకోండి. తేదీ, మార్కెట్టు, కిలోలు, ధర కనపడాల. కింద మీ ఖర్చు ఒక్క లైనులో రాయండి, ఇంట్లో ఎంతమంది ఎన్ని రోజులు పని చేసినారో రాయండి. గుత్తకి చేసేవాళ్ళు అయితే అది కూడా రాయండి, యజమాని పేరు వద్దు. ఇంట్లో నించి ఎవరైనా గార్మెంట్స్‌కి వచ్చి ఉంటే ఏ ఏడు వచ్చినారో రాయండి. పేర్లు బయటికి రాకుండా చూసుకుంటాం. మన గ్రూపులో ఉన్నోళ్ళలో సగం మంది పంపినా ఒక మంచి పట్టిక అవుతుంది. దాన్ని తెలుగులో, కన్నడంలో రాసి సిల్క్ బోర్డులో, రెండు రాష్ట్రాల రేష్మ శాఖల్లో, మన ఎమ్మెల్యేల దగ్గర ఇద్దాం. సిల్క్ బోర్డుకి మా చెల్లెలి ఇంటి నించి ఒక్క స్టేషనే, అది నేను ఇచ్చి రసీదు తీసుకుంటా.

తర్వాతి పంటకి చాకీ 14వ తేదీ వస్తా ఉంది. అంతలోపల పంపితే నాకు రాసుకోవడానికి వీలుగా ఉంటుంది. నాలుగో జ్వరం లేచినాక మాత్రం ఫోన్ చూడను.